పెరుగులో పీచు, జాబితాలో లేని పేర్లు

మీరు ఈ పొద్దున తిన్న పెరుగు సురక్షితమని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లలో, ఆ పెరుగు బకెట్‌ను చేత్తో ముట్టుకున్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఎప్పుడైనా అడిగారా?

నేనూ అడగలేదు. అడగడమే నా వృత్తి అయినా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసుకోకపోవడం వల్ల ఏ తప్పూ చేయని నలుగురు ఆడవాళ్ల కొలువు పోయేంత పని జరిగింది. పోకుండా ఆపగలిగాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. కానీ మొదలైంది మాత్రం నా తప్పుతోనే. అందుకే ముందు ఆ తప్పు సంగతి చెబుతాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చి మూడేళ్లయిన కాలం. రామన్నపేటకు పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు డెయిరీలో నేను క్వాలిటీ మేనేజర్‌ని. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దుమాపు పాలు వచ్చేవి. ప్యాకెట్ పాలతోపాటు బకెట్ పెరుగు కూడా చేసేవాళ్లం. ఆ బకెట్లు ఎక్కువగా యాదగిరిగుట్టలోని టిఫిన్ సెంటర్లకు, హోటళ్లకు పోయేవి. బకెట్ పెరుగు తయారీ వినడానికి తేలిక. కాచి చల్లార్చిన పాలలో తోడు కలిపి, మిషను కింద బకెట్లలో నింపి, మూత బిగించి వెచ్చని గదిలో పెడితే బకెట్‌లోనే తోడుకుంటుంది. అంటే మూత పెట్టకముందు ఆ పాలలో ఏది పడితే అది పెరుగుతోపాటే గడ్డకట్టి గిరాకీ విస్తట్లోకి చేరుతుందన్నమాట.

మా డెయిరీలో ఆరు నెలలకోసారి ఫుడ్ సేఫ్టీ సిస్టమ్ రివ్యూ జరిగేది. యజమాని, కొందరు మేనేజర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని, వచ్చిన ఫిర్యాదులు, తనిఖీల్లో దొరికిన లోపాలు, పోయినసారి తీసుకున్న నిర్ణయాల అమలు అన్నీ చూసి, ఏం మార్చాలో తేల్చే సమావేశం అది. ప్రమాణాల పుస్తకం యజమాని స్థాయి మనిషి ఇందులో ఉండి తీరాలంటుంది. మిగతా కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో పేరు పెట్టి చెప్పదు. అది ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాల్సిన సంగతి. మా డెయిరీలో ఆ జాబితా రాసింది నేనే. అందులో ఐదు పేర్లు: యజమాని మాధవరావు, ప్రొడక్షన్ మేనేజర్ సుధాకర్, మిషన్లు చూసే మెయింటెనెన్స్ మేనేజర్, పాల సేకరణ మేనేజర్, నేను.

అడ్మిన్ మేనేజర్ సత్తయ్య పేరు అందులో లేదు. ఎందుకు లేదంటే ఆయన నాకు నచ్చడు. మణికట్టుకు మూడు రంగుల దారాలు, బల్ల మీద దేవుడి క్యాలెండర్, ఏ పని మొదలుపెట్టాలన్నా దుర్ముహూర్తం చూసుకోవడం. నేనేమో కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో మైకు పట్టుకుని వాదించినదాన్ని. మూఢనమ్మకాల మనిషికి ఆహార భద్రతతో ఏం పని అనుకున్నాను. అలా అనుకోవడమూ ఒక మూఢనమ్మకమేనని అప్పటికి నాకు తట్టలేదు.

ఆ ఎండాకాలం యాదగిరిగుట్టలో టిఫిన్ సెంటర్ నడిపే ఒకాయన ఫోన్ చేశాడు.

"మేడం, మీ పెరుగుల జుట్టు మొలుస్తాంది. కటింగు చేసేటాయన్ని పంపుతరా, మీరే వస్తరా?"

నేనే వెళ్లాను. ఆయన గిన్నెలో దాచిపెట్టిన రెండు గోధుమరంగు పోగులు చూపించాడు. ఆ తర్వాత రెండు నెలల్లో అలాంటివే ఇంకో మూడు ఫిర్యాదులు వచ్చాయి. పెరుగు పారేసినా సరే, మూతలు మాత్రం పారేయొద్దని అందరికీ చెప్పాను. మూత మీద బ్యాచ్ కోడ్ ఉంటుంది. ఏ రోజు, ఏ షిఫ్టులో నింపిన బకెట్టో ఆ అక్షరాలు చెబుతాయి.

ల్యాబ్‌లో ఆ పోగుల్ని కాల్చి చూశాను. వెంట్రుక కాలితే వచ్చే కమురు వాసన రాలేదు. నైలాన్ అయితే కరిగి చిన్న గుండులా ముద్దకడుతుంది, అలా కట్టలేదు. ఎండు గడ్డిలా కాలి బూడిదైంది. భూతద్దం కింద చూస్తే అనుమానమే లేదు. అది కొబ్బరి పీచు.

ఆ మాట బయటికి రాగానే సుధాకర్ తీర్పు చెప్పేశాడు.

"ఇంకేముంది మేడం, మన క్లీనింగ్ ఆడోళ్లు పీచుతోని తోముతున్నరు. ఇంటికాడి అలవాటు యాడికి పోతది?"

వినడానికి ఎంత సబబుగా ఉంది! మా పక్క ఊళ్లలో గిన్నెలు తోమేది కొబ్బరి పీచుతోనే. రెండేళ్ల కింద డెయిరీలో దాన్ని నిషేధించి రంగు బ్రష్‌లు తెప్పించింది కూడా నేనే. పాత్రలకు నీలం, నేలకు ఎరుపు. మాధవరావు గారు ఒక్క మాటలో తేల్చారు.

"నలుగుర్నీ తీసెయ్యి. బుధవారం రివ్యూల రాసుకో, అందరం సంతకాలు పెడ్తం. గుట్ట హోటలోళ్లకు చూపెట్టాలె, మనం చర్య తీసుకున్నమని."

ఆ నలుగురిలో పెద్ద మరియమ్మ. క్లీనింగ్ సూపర్‌వైజర్. భూమి లేని కూలి కుటుంబంలో పుట్టి, నెల జీతం అందుకున్న మొదటి మనిషి తనేనని ఒకసారి నాతో చెప్పింది. విషయం చెప్పడానికి నేనే ఆమె దగ్గరికి వెళ్లాను. పాల డబ్బాలు కడిగే చోట నిలబడి ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. నీలం బ్రష్ ఎత్తి నా ముఖం ముందు పెట్టింది.

"ఇది దేనికి? పాత్రలకు. ఆ ఎర్రది? నేలకు. నువ్వే నేర్పితివి గద బిడ్డా. మా ఇంట్ల గిన్నెలు తోముతం పీచుతోని. మీ డెయిరీల కాదు."

"నేను నమ్ముతనమ్మా. మరి పీచు యాడికెల్లి వస్తాంది?"

ఆమె చుట్టూ చూసింది. గొంతు తగ్గించింది.

"నన్నడగకు. నేను చర్చికి పోయేదాన్ని. నా నోట ఒక్క ముచ్చట బయటవడ్డా, ఊరంత ఇంకో తీరుగ చెప్పుకుంటరు. కొలువు పోతే పాయె, వాడకట్టుల ఉండాలె గద." మళ్లీ బ్రష్ నీళ్లలో ముంచుతూ అంది, "గా మీటింగుకు ఆఫీసు సత్తయ్య సారును గూడ పిలువు. గంతే చెప్త."

నేను ఆఫీసుకు వచ్చి నాలుగు మూతలూ బల్ల మీద పరిచాను. అంతకుముందు ఏ నెలలో వచ్చాయో చూశానే తప్ప, ఏ వారమో చూడలేదు. నాలుగూ శుక్రవారమే. నాలుగూ పొద్దుటి షిఫ్టే.

అప్పుడు గుర్తొచ్చింది. బకెట్లు నింపే ఆ మిషను కొన్నప్పుడు, ప్రతి శుక్రవారం దానికి పూజ చేయాలని యజమాని సత్తయ్యకు చెప్పారు. మిషను మీద పసుపు కుంకుమలు చూసి నేను మండిపడి ఒక సర్క్యులర్ పంపాను. ఉత్పత్తి గదిలో పసుపు, కుంకుమ, పూలు నిషేధం అని. పంపాను అంతే. సత్తయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడలేదు. తర్వాతి వారం నుంచి మిషను మీద చుక్క పసుపు కనబడకపోయేసరికి, పూజే ఆగిపోయిందని నిశ్చయించుకుని గెలిచాననుకున్నాను. నేను డ్యూటీకి వచ్చేది తొమ్మిదింటికి. పొద్దుటి షిఫ్టు మొదలయ్యేది ఆరింటికి. మధ్యలోని మూడు గంటల్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు.

నిజం చెప్పాలంటే నాలోని హేతువాది ఉబలాటపడింది. శుక్రవారం తెల్లవారే ఫోన్ కెమెరాతో వెళ్లి సత్తయ్యను పట్టుకోవాలని, బుధవారం రివ్యూను వారం వాయిదా వేయించి ఆ వీడియో అందరి ముందూ వేయాలని అనిపించింది. ఎంత రుచిగా ఉంటుంది ఆ గెలుపు! కానీ ఆ తర్వాత? నాస్తికురాలు పూజ మీద పడిందంటారు. క్రైస్తవురాలు చెప్పి చేయించిందంటారు. పీచు సంగతి పక్కకు పోయి దేవుడి సంగతి ముందుకొస్తుంది. చివరికి నలుగురి కొలువూ పోతుంది. సభల్లో నాకు వాదన నేర్పిన పెద్దలు ఒక మాట గట్టిగా చెప్పేవారు. ఎదుటి పక్షానికి కుర్చీ వేయని వేదిక మీద గెలిచింది గెలుపు కాదని. నేను ఆ మాట బయట వందసార్లు చెప్పి, నా డెయిరీలో మర్చిపోయాను.

మంగళవారం జాబితా మార్చి రాసి యజమాని దగ్గరికి తీసుకెళ్లాను. ఐదు పేర్ల కింద రెండు కొత్త పేర్లు. సత్తయ్య, మరియమ్మ. మాధవరావు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"సత్తయ్య ఎందుకమ్మా? ఆయన చూసేది గేటు, క్యాంటీను, యూనిఫారాలు. పాలతోని ఆయనకేం పని?"

"గేటు దాటి లోపలికి ఎవరొచ్చినా ఆయన సంతకంతోనే వస్తరు సార్. మనుషులు తొడుక్కునే బట్టలు ఆయన తెప్పిస్తడు. ఎలుకల మందు పెట్టేటోళ్లను ఆయన పిలుస్తడు. పాలకాడికి పోయే ప్రతి మనిషి ఆయన చేతుల మీదికెల్లే పోతడు."

"సరే. మరి ఆమె? తీసేసేటామెను పిలిచి మీటింగ్ల కూసోబెడ్తవా?"

"తీసేసే ముందే పిలువాలె సార్. తీసేసినంక పిలిస్తే ఏం లాభం?"

"మేనేజర్ల మీటింగు ఇది, సుజాతా."

"ఆమె ముగ్గురితోని పని చేయిస్తది. లోపలి నేల, గోడ, గిన్నె ఆమె చేతిల ఉన్నయి. ఆమెను మేనేజర్ అనకపోవుడు మన తప్పు సార్."

ఆయన విసుగ్గా పెన్ను తీశారు. "నీతోని వాదించుడు నాతోని కాదు. ఒక్కసారే, మళ్ల అడగొద్దు" అంటూ సంతకం పెట్టారు. ఆ ఒక్కసారి చాలనుకున్నాను.

బుధవారం మరియమ్మ సమావేశం గదిలోకి రెండు చేతుల్లో రెండు బ్రష్‌లతో వచ్చింది. సుధాకర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"మీటింగుకు చీపుర్లు తెచ్చినవేంది మరియమ్మా?"

"చీపుర్లు కాదు సారూ, బ్రష్‌లు. రంగులు జూడుండ్రి. రేపు మమ్ముల తీసేస్తే మీ ప్లాంటుల మీకే పనికొస్తయి."

ఈసారి నవ్వింది మాధవరావు గారు.

నేను పూజ మాట ఎత్తలేదు. నాలుగు మూతలు బల్ల మధ్యలో పెట్టి, నాలుగూ శుక్రవారం పొద్దుటి బ్యాచ్‌లేనని చెప్పాను. కొబ్బరి పీచుతో గిన్నెలు తోమేవాళ్లయితే శుక్రవారమే ఎందుకు తోముతారు, మిగతా రోజులు పోగు ఎందుకు రాలేదు అని అడిగాను. తర్వాత ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగాను. శుక్రవారం పొద్దున మీ శాఖలో మిగతా రోజుల్లో లేని పని ఏముంది?

సుధాకర్ ఏమీ లేదన్నాడు. మెయింటెనెన్స్ ఆయన గ్రీజు పెట్టేది శనివారమన్నాడు. పాల సేకరణ ఆయన తల అడ్డంగా ఊపాడు. సత్తయ్య వంతు వచ్చింది. మొదటిసారి ఆ గదిలో కూర్చున్నాడు కాబట్టి, బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా లేచి నిలబడ్డాడు.

"మా దాంట్ల ఏముంటది మేడం? శుక్రారం పూజ. మీ సర్క్యులర్ అచ్చినకాడికెల్లి పసుపు ముట్టలే, కుంకుమ ముట్టలే, పువ్వు ముట్టలే. ఒక్క అగర్‌బత్తి, ఒక్క కొబ్బరికాయ. గంతే."

"కొబ్బరికాయ తోలు తీసిందే తెస్తరా సత్తయ్యగారూ?"

"లే మేడం. మిషను కాడనే నిలవడి పీచు తీస్త, పిలక మాత్రం ఉంచి..."

అక్కడ ఆగిపోయాడు. ఆయన చూపు బల్ల మీది మూతల మీదికి పోయింది. ముఖంలో రంగు మారడం నేను చూశాను. నేను ఎన్నో సభల్లో ఎదుటివాణ్ని నోరు మూయించాను. కానీ ఒక మనిషి తన నోటితో చెప్పిన మాటను తనే విని, తనే తేల్చుకోవడం అంత దగ్గరగా అంతకుముందు చూడలేదు.

"సార్," అన్నాడు యజమాని వైపు తిరిగి, "పీచు నాదే ఉన్నట్టున్నది."

"మిషను కాడ కొట్టుమని ఎవడు చెప్పిండయ్యా నీకు?" మాధవరావు గారు గట్టిగానే అరిచారు.

"మీరే సార్."

కత్తి ఇప్పుడు సత్తయ్య మీదికి తిరిగిందని అందరికీ అర్థమైంది. మాట్లాడింది మరియమ్మ.

"ఆయనను ఏమనకుండ్రి సార్. పూజ ఆపుమని నేనంటలే. పీచు తీసుడు క్యాంటీను వెనుక పెట్టుండ్రి, కాయ గేటుకాడ కొట్టుండ్రి. ఇంకోటి, ఖాళీ బకెట్లు మూతి మీదికి పెట్టి పేరుస్తరు. పక్కనే ఫ్యాను. ఏదన్న రాలితే అండ్లనే పడ్తది. బోర్లియ్యుండ్రి."

"ఇన్నొద్దుల సంది ఎందుకు చెప్పలే?" అన్నారు యజమాని.

"ఎవరన్న అడిగిన్రా సార్?"

అది యజమానికి చెప్పిన జవాబు. తగిలింది నాకు. శుక్రవారం నేను వచ్చేసరికి నేల మీద పీచు పోగు ఎందుకు కనబడలేదో అప్పుడు తెలిసింది. ఆరున్నరకల్లా ఆమె మనుషులు శుభ్రంగా ఊడ్చేవాళ్లు. పని ఎగ్గొట్టే మనుషులైతే సాక్ష్యం నేల మీదే మిగిలి వాళ్లను కాపాడేది. ఒళ్లు వంచి పనిచేసినందుకు వాళ్ల మీదే నేరం పడింది.

అయితే ఒకరు ఒప్పుకున్నంత మాత్రాన రుజువైనట్టు కాదు. మంచి మనిషి బెదిరి చేయని తప్పు కూడా నెత్తిన వేసుకుంటాడు. పరీక్ష చేద్దామన్నాను. కొలువుల నిర్ణయం అప్పటిదాకా ఆపుతామన్నారు యజమాని. శుక్రవారం పొద్దున ఐదున్నరకు ఆయన కూడా వచ్చారు. ఎప్పటిలాగే బకెట్లు పేర్చి, ఎప్పటిలాగే ఫ్యాను తిప్పి, ఎప్పటిలాగే సత్తయ్య పీచు తీసి కాయ కొట్టాడు. కాకపోతే ఆ మొదటి బకెట్లలో పాలకు బదులు వడగట్టిన నీళ్లు నింపాం. ఆ నీళ్లను తెల్లటి మల్లు గుడ్డలో వడపోశాం. గుడ్డ మీద పోగులు మాధవరావు గారే వేలితో తీశారు. ఆ తర్వాత మరియమ్మ చెప్పినట్టు బకెట్లు బోర్లించి, పీచు తీయడం, కాయ కొట్టడం బయటికి మార్చి మళ్లీ వడపోశాం. గుడ్డ తెల్లగానే ఉంది.

తొలగింపు కాగితాన్ని యజమాని అక్కడే చింపేశారు. సత్తయ్య చేతులు కట్టుకుని మరియమ్మతో అన్నాడు, "నీ కొలువు మీదికి తెస్తినమ్మా, తెల్వక."

"తెల్వకనే గద సారూ. ఇప్పుడు తెలిసె. జర ఆ పిలక గూడ గేటు బయటనే ఉంచు" అంది ఆమె.

తర్వాత పీచు ఫిర్యాదు రాలేదు. గుట్ట టిఫిన్ సెంటర్ ఆయన బకెట్లు తీసుకోవడం మానలేదు, నన్ను ఎకసెక్కం చేయడమూ మానలేదు. కొందరు హేతువాద మిత్రులకు మాత్రం నా మీద కోపం వచ్చింది. పూజను ఆపించే అవకాశం చేతికొస్తే గేటు దగ్గరికి మార్చి ఊరుకున్నావా అన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. నా జీతం పెరుగు కాపాడటానికి. మూఢత్వం మీద నా యుద్ధం ఆగలేదు, ఆగదు. కానీ ఆ గదిలో అందరికంటే ముదిరిన మూఢనమ్మకం కొబ్బరికాయ కాదు. హోదా ఉన్నవాడికే విషయం తెలుస్తుందన్న నమ్మకం. దానికి పూజారిని నేనే. దాన్ని ఆపించాను. అదే నా గర్వం.

ఆ తర్వాతి రివ్యూకు జాబితా రాసే పద్ధతే మార్చేశాను. హోదాలు పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసుకుంటాను. ఎవరి మాట మీద ఒక మనిషి గానీ, ఒక వస్తువు గానీ, ఒక అలవాటు గానీ ఉత్పత్తి గదిలోకి వస్తుంది? వాళ్లందరికీ కుర్చీ ఉండాలి. అలా చూస్తే గేటు, క్యాంటీను, స్టోరు, బండ్లు, శుభ్రత అన్నీ లోపలికి వస్తాయి. జాబితా పొడుగవుతుంది, సమావేశం ఒక గంట ఎక్కువ సాగుతుంది. సాగనివ్వండి. ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. నాకు నచ్చని మనిషి పేరు జాబితాలో లేకపోతే, అది మర్చిపోవడం కాదు, నా పక్షపాతం. అందుకే ఇప్పుడు ఏ సంస్థలో జాబితా రాసినా, ఎవరి పేరు రాయడానికి నా పెన్ను వెనకాడుతుందో ఆ పేరే ముందు రాస్తాను. ఒక్కసారే అని సంతకం పెట్టిన మాధవరావు గారు, నేను ఆ డెయిరీ వదిలే దాకా మరియమ్మ రానిదే రివ్యూ మొదలుపెట్టలేదు.

మీరు డెయిరీ నడపండి, రైస్ మిల్లు నడపండి, హాస్టల్ వంటశాల నడపండి. మీ సమీక్ష జాబితా ఇప్పుడే బయటికి తీయండి. పొద్దున అందరికంటే ముందు తలుపు తీసే మనిషి పేరు, సాయంత్రం చివరగా నేల కడిగే మనిషి పేరు, మీకు అస్సలు గిట్టని మేనేజర్ పేరు అందులో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఈ రోజే మీ చేత్తో రాసి, మీరే స్వయంగా వెళ్లి వాళ్లను పిలవండి. వాళ్లు నోరు విప్పేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.